ఓడపై తొలినాఁడు

సెలవులు సమీపించినపుడు కుటుంబముతో నెచటికిఁ బోవుదమను ప్రశ్న ప్రతి యింటను బుట్టును. తిరుపతి, శ్రీశైలము, బెంగుళూరు, ఊటి: ఇవి మా కొత్తచెరువు ప్రాంతమున నలవాటైన జవాబులు. ఈ నడుమ వీనికిఁ దోడు మఱియొక జవాబు వినవచ్చుచున్నది. అది విహారనౌక. మూఁడు నాలుగు దినములు సముద్రముపై నుండి తిరిగి రేవు చేరుట.

మా సీమలో నీ మాట వింతగాఁ దోఁచుట సహజము. పడమటి కనుమలు నైఋతి మేఘములను దమవైపుననే పిండుకొనఁగా మాకు సాలునకు మిగులు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. విజయనగరరాజుల నాఁటి బుక్కపట్నపు చెఱువులోనికిఁ జిత్రావతి పాఱిన యేఁడు పండుగ. పాఱని యేఁడు వలస. ఇట్టి చోటఁ బెరిగిన స్త్రీకి నలువైపుల నీరే యున్న స్థలమున రాత్రి నిద్రించుట యన్న ముచ్చటయుఁ గలుగును, గుండెయు దడదడలాడును. ఆ రెంటిని దృష్టియందుంచుకొనియే యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఓడ వైభవమును వర్ణించు పనిని ప్రకటనపత్రములే చాలినంతగాఁ జేయుచున్నవి. తొలినాఁడు గృహిణి మొదట నేమి చేయవలయును, దేనిని రేపటికి విడువవలయు నను నంతమాత్రమే మేము చెప్పఁదలఁచినది.

పూర్వుల మాట

సముద్రయాన మన్నంతనే పెద్దలకు నిషేధము గుర్తు వచ్చును. బౌధాయనధర్మసూత్రము సముద్రయానమును బతనహేతువులలోఁ జేర్చినది నిజమే. కాని యా గ్రంథమే దానిని ఉత్తరదేశీయుల యాచారములలో నొకటిగాఁ బేర్కొనుచున్నది. నిషేధ మున్నదన్నచోఁ బోవువారు నుండి రనియే యర్థము. ఎవరును నడవని త్రోవకుఁ గంప వేయ నక్కఱలేదు గదా.

హర్షుని రత్నావళీనాటికను మేము బాల్యమున నింటనే చదువుకొంటిమి. సింహళరాజపుత్రి వివాహార్థమై వత్సరాజు కడకు వచ్చుచుండఁగా నోడ పగిలినది. ఒక పలక నాశ్రయించి యామె ప్రాణములు దక్కించుకొన్నది. కౌశాంబీ వర్తకుఁ డొకఁ డామెను గాపాడి తెచ్చెను. సాగరము నుండి వచ్చినది గావున సాగరిక యని పేరు పెట్టిరి. చిన్ననాఁడు మా మనస్సు ప్రణయకథపై నుండెను. బిడ్డల తల్లులమైన పిమ్మటఁ జదివినపుడు దృష్టి యా పలకపైననే నిలుచుచున్నది. ఆ కన్య చేతికిఁ బలక యందకున్నచో నాటికయే లేదు.

తెలుఁగురాజులు గూడ నీ విషయమును మఱవలేదు. కాకతి గణపతిదేవుఁడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవున నభయశాసనమును వేయించెను. గాలివానకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు మొదలగువానిని మునుపటి రాజులు బలిమిచేఁ గైకొనుచుండిరనియుఁ, బ్రాణములకుఁ దెగించి సముద్రము దాఁటి వచ్చు వర్తకులపై దయతోఁ దాము న్యాయమైన సుంకము దప్ప మిగిలిన దంతయు వారికే విడిచితి మనియు నందుఁ గలదు. సముద్రమున నడచువానికి మొదట నియ్యవలసినది యభయ మని యేడువందల యేండ్లకుఁ బూర్వమే మనవా రెఱుఁగుదురు.

ఆ యభయము లేకయే సముద్రము దాఁటిన స్త్రీలు నున్నారు. 1860 అక్టోబరులో మదరాసున బయలుదేఱిన ట్రురో యను నోడ నవంబరు 16వ తేదీని నేటాలు దేశపు డర్బను రేవు చేరెను. చెఱకుతోఁటల కొడంబడిక వ్రాసి యిచ్చిన కూలీ కుటుంబములు, వారిలోఁ దెలుఁగువారును, అందుండిరి. అచట నొక్కొకరికి నొక్కొక సంఖ్య నిచ్చి పట్టీలో వ్రాసికొనిరి. రంగూనునకుఁ బోయిన మనవారిని, కోరంగిరేవు పేరునుబట్టి, బర్మాలోఁ గోరంగీ లని పిలిచిరి. ఆ యోడలలోఁ బేదవారికి డెక్కుపైఁ జాప పఱచుకొనునంత చోటే గది. వారెవ్వరును విహారమునకుఁ బోలేదు. అప్పులును నాఁకలియుఁ దఱుమఁగాఁ బోయిరి. సముద్రము నేఁడు మనకు వినోదస్థల మగుచున్న దన్న, అది కొంద ఱవ్వల కన్నీటిపై నుండి వచ్చిన వినోద మని మఱవరాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 మార్చి 14వ తేదీని విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలోఁ గట్టిన జలఉష యను నోడను నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. అదే విశాఖకు 2022 జూను 8వ తేదీని చెన్నపట్టణము నుండి ఎంప్రెస్ యను పదునొకండంతస్తుల విహారనౌక వచ్చినది. అది 1990లో ఫ్రాన్సులోఁ గట్టఁబడినది. పొడవు 211 మీటర్లు. మా యూరి పెద్దవీథిలోఁ బెట్టినచో నీ కొస నుండి యా కొసకుఁ బిలిచినను వినఁబడదు. 2023 సెప్టెంబరు 4వ తేదీని విశాఖరేవున నట్టి యోడల కొఱకే ప్రత్యేకభవనము ప్రారంభింపఁబడినది. ఇట్లు విహారనౌక తెలుఁగువారి గుమ్మమునకు వచ్చినది గావున, నెక్కిన తొలినాఁటి క్రమమును దెలిసికొనుట వ్యర్థము గాదు.

రేవులో

ఓడ సాయంకాలము కదలునన్నను మధ్యాహ్నమునకే రేవు చేరుట మేలు. ఛాయాచిత్రముగల గుర్తింపుపత్రము పిల్లలకుఁ గూడ నుండవలయును. దానిలోని పేరును టికెట్టులోని పేరును నక్షరభేదము లేక సరిపోవలయును. పెద్దపెట్టెలకు గదిసంఖ్యగల చీటీ కట్టి రేవులోనే యప్పగింపవలయును. అవి పరీక్షింపఁబడి గంటలు గడచిన పిమ్మట, నొక్కొకప్పుడు సందెచీఁకటికి, గది వాఁకిటికి వచ్చును. కావున ప్రతిదిన మౌషధము సేవించువారు తమ మందులను, కండ్లజోడును, పసిబిడ్డకు నొక జత బట్టలను, కాగితములను చేతిసంచిలోనే యుంచుకొనవలయును. ఈ చిన్నవిషయము మఱచి ముసలివారి మాత్రలు పెట్టె యడుగునఁ జిక్కి తొలినాఁడంతయు గడబిడపడిన కుటుంబములఁ జూచితిమి.

లోపల నొక్కొకరికి నొక చిన్న కార్డు నిత్తురు. అదియే గదికిఁ దాళపుచెవి. అదియే కొనుగోళ్లకు సంచి. ఓడలో రొక్కము చేతులు మాఱదు గావున నెంత వ్యయ మగుచున్నదో తెలియదు. పిల్లల కార్డుతోఁ గొనుటకు వీలు లేకుండ నాఁడే చెప్పి కట్టించుట మంచిది. పెనిమిటి నెలజీతముపై సంసారము నడపువారికి నింతకంటె వివరింప నక్కఱలేదు.

దీపము విషయము

స్త్రీలకు మొదటఁ గష్టముగాఁ దోఁచు నియమము మఱియొకటి యున్నది. ఓడగదిలో దీపము వెలిగింపరాదు. కర్పూరము, అగరువత్తి, క్రొవ్వొత్తి యేవియుఁ గూడవు. ఇస్త్రీపెట్టెను, నీరు కాఁచు కెటిలును గూడఁ బరీక్షలోనే తీసికొని, దిగునపుడు తిరిగి యిత్తురు. సంధ్యాదీపము పెట్టక యొక దినమైనఁ గడపని యిల్లాలికిది మనఃక్లేశమే. కాని భూమిపై నిప్పంటుకొన్నచో వీథిలోనికిఁ బరుగెత్తవచ్చును. నడిసముద్రమున నోడకు వీథి లేదు. అందుచేత నావికులు తుపానుకంటెను నిప్పునకే యెక్కువ భయపడుదురు. ఆ మూఁడు దినములు మానసపూజయే చాలును. నలుగురి ప్రాణరక్షణమునకై విడిచిన దీపము వెలిగించిన దీపముకంటెఁ దక్కువది కాదని మా నమ్మకము.

ఏడు పొట్టికూఁతలు

ఇంతలో గదిలోనికి వచ్చితిమి. అది మన పూజగదికంటె నించుక పెద్దది; మంచములు, బీరువా, స్నానపు గది యన్నియు నందే యమర్చియుందురు. గది చూచినంతనే గృహిణి చేతు లూరకుండవు. బట్టలు సర్దుట, చిరుతిండి డబ్బాలను వరుసఁ బెట్టుట, తడిగుడ్డ కారవేయుటకుఁ దావు వెదకుట: అరగంటలో నచ్చట నొక సంసారము వెలయును. సరిగా నప్పుడే పిలుపు వచ్చును. అందఱును మస్టర్ స్టేషను, అనఁగా నాపదలోఁ గూడుకొనవలసిన నియతస్థానము, చేరవలయు నని.

‘‘మీరు పోయి రండి, నే నింతలో సర్దెదను’’ అను మాటయే యప్పు డాఁడువారి నోట వచ్చునది. ఈ వ్యాసము నంతయు నా మాటను మాన్పుటకే వ్రాయుచున్నామనిన నతిశయోక్తి గాదు.

ఆ పిలుపునకు వెనుక నెంత దుఃఖ మున్నదో వినుఁడు. 1912 ఏప్రిలులో టైటానిక్ మునిఁగినపుడు దానిపై సుమారు 2,200 మంది యుండఁగా లైఫ్ బోటులలో 1,178 మందికే చోటు. పదునేనువందలకుఁ బైగా జనులు మరణించిరి. ఆ మరణములపై 1914లో సముద్రయాత్రికుల ప్రాణరక్షణమునకు దేశముల నడుమ మొదటి యొడంబడిక యేర్పడెను. ఐనను 2012 జనవరి 13వ తేదీని రాత్రి ఇటలీ తీరమునఁ గోస్టా కాంకార్డియా యను విహారనౌక రాతి కొరసి యొఱగినది. 32 మంది చనిపోయిరి. ఆ దినముననే యెక్కిన వందలకొలఁది యాత్రికుల కింకను నభ్యాసము జరుగలేదు. ఇరువదినాలుగు గంటలలోపలఁ జేయించిన జాలునని నాఁటి నియమము. వారికది మఱునాఁటికి నియమింపఁబడి యుండెను. ఆపద మఱునాఁటిదాఁక నాఁగలేదు. అందుపై నియమమును మార్చిరి. 2015 జనవరి 1 నుండి యోడ కదలుటకు ముందైనను, కదలిన వెంటనే యైనను అభ్యాసము జరిగి తీరవలయును. తొలినాఁటి యా యరగంట ముప్పదిరెండు ప్రాణముల వెలకు వచ్చినది.

అభ్యాస మనఁగా నేమి? ఏడు పొట్టికూఁతలు, వెంట నొక పొడుగుకూఁత వినఁబడిన నది యాపత్సంజ్ఞ. అది వినఁగానే లిఫ్టు నెక్కక మెట్లపైననే నియతస్థానమునకుఁ బోవలయును. లైఫ్ జాకెట్టు నెట్లు తలపైనుండి వేసికొని పట్టీ బిగింపవలయునో నౌకాసేవకులు చూపుదురు. కొన్ని యోడలలో జాకెట్టు గదిలో నుండును. కొన్నిటిలో నియతస్థానమున నిత్తురు. ఎచట నున్నదో యడిగి తెలిసికొనవలయును. పసివారి జాకెట్టు వేఱు. గదిలో నది లేనిచో వెంటనే యడుగవలయును. చీర కట్టినవారు పైటచెఱఁగును ముందునకుఁ దెచ్చి నడుమున గట్టిగా దోఁపుకొని, యాపైని పట్టీ బిగించినచోఁ గాళ్లకుఁ దగులదు. మెట్లు దిగునపుడు కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకొనవలయును.

మేము చెన్నపట్టణపు రేవున నట్టి యోడ నెక్కినపు డీ యభ్యాసస్థలమున మా ప్రక్కనే మన సీమ కుటుంబ మొకటి యుండెను. అత్తగారికి డెబ్బదియేండ్లుండును. సేవకుఁడు జాకెట్టు చూపఁగా నామె చేతితోఁ ద్రోచివైచి, ‘‘నాకెందుకు నాయనా యిది? నాదంతా అయిపోయె. బిడ్డలకు కట్టు’’ మనెను. కోడలు మెల్లఁగా నిట్లనెను: ‘‘అత్తా, నువ్వు కట్టుకోకుంటే నీకోసం నేను నిలబడతా. నాకోసం బిడ్డలు నిలబడతారు. ఇంక మనలో బయటపడేదెవరు?’’ అవ్వ కొంతసేపు కోడలి మొగము చూచి, మాటాడక చేతులు చాఁచెను. ఆ మాటలో నున్న ధర్మము మాకుఁ బెద్దపెద్ద యుపన్యాసములలోఁ గనఁబడలేదు.

మన కథలలోఁ బరమానందయ్య శిష్యు లేఱు దాఁటి, యొడ్డునఁ దమ్ము లెక్కించుకొని, లెక్కించువాఁడు దన్ను మఱచుటచే నొకఁడు మునిఁగిపోయె నని గోలుగోలున నేడ్చిరి. విని నవ్వుదుము. కాని ప్రతి యింటను దల్లి చేయు లెక్క యిట్టిదే: పిల్లలు వచ్చిరి, అత్తమామలు వచ్చిరి, వారు వచ్చిరి, అందఱును వచ్చిరి. తా నా లెక్కలో నుండదు. భోజనపఙ్క్తిలో నీ లెక్క చెల్లవచ్చును, నీటిపైఁ జెల్లదు. తన పట్టీ బిగించుకొనని తల్లి బిడ్డ పట్టీని స్థిరమైన చేతులతో బిగింపఁజాలదు. ఇది సముద్రమునకే కాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీని గోదావరిలోఁ గచ్చులూరు చెంతఁ బాపికొండల విహారమునకుఁ బోయిన పడవ మునిఁగి యెన్నియో కుటుంబములు చీఁకటి యయ్యెను. ఏటిపడవ యెక్కినను జాకెట్టు ధరించియే కూర్చుండవలయును. ఎండ యనియు, ఛాయాచిత్ర మనియుఁ దీయరాదు.

కదలిక

అభ్యాస మైన పిదప డెక్కుపైఁ జేరి యోడ కదలుటఁ జూడవచ్చును. ఇది నిజముగా సొగసైన వేళ. ఇంత పెద్ద యోడ తనంతఁ దాను రేవు దాఁటదు. ఆ రేవు లోఁతు లెఱిఁగిన పైలట్ అను నధికారి యెక్కి త్రోవ చూపును. టగ్గు లను చిన్నపడవ లవసరమైనచో నెట్టియు లాగియుఁ ద్రిప్పును. వెలుపలికి వచ్చినంతనే యా పైలట్ త్రాటినిచ్చెన దిగి, ప్రక్కన వచ్చు చిన్నపడవలో రేవునకు మఱలును. మెట్టినింటికిఁ బంపుచు నూరి పొలిమేఱదాఁక వచ్చిన మేనమామ వలె నాతఁడు మాకుఁ దోఁచెను.

తీరము సన్నగిలిన కొలఁదిఁ గొందఱకుఁ దల తిరుగును. కన్ను నిలుకడయైన గదిని జూచుచుండఁగా చెవిలోపలి సమతౌల్యేంద్రియము కదలికను దెలుపును. ఈ రెంటి తగవే యోడవికారము. అట్టివారు దూరమునఁ జదునుగానున్న దిఙ్మండలమును జూచుచు డెక్కుపై గాలికిఁ గూర్చుండవలయును. ఓడ నడుమను, క్రింది యంతస్తులను కదలిక తక్కువ. టికెట్టు కొనునపుడే యిట్టి గది నడుగవచ్చును. ఆ రాత్రి నూనెపిండివంటలు మాని పెరుగన్నమువంటి తేలికయైన యాహారము తినుట మంచిది. అల్లము కొందఱకు హితము. గర్భిణులు, రోగులు వైద్యు నడిగియే మందు సేవింపవలయును.

భోజనశాలలో శాకాహారము, జైనాహారము దొరకును. మనకు వలసినది మొదటి పూఁటనే చెప్పుకొన్నచోఁ దరువాత సుకరము. భోజనమునకు ముందు సబ్బుతోఁ జేతులు కడుగుట ముఖ్యము. వేలమంది యొక్క కప్పుక్రింద దినుచోట వాంతులు, విరేచనములు గలిగించు నోరోవైరసు త్వరగాఁ బ్రాఁకును. చేతికి రాచుకొను ద్రవము దానికిఁ జాలదు. సబ్బు, నీరు గావలయును.

నీరు

నీ రన్నంతనే మా సీమవారికిఁ జెవి నిలుచును. చుట్టును సముద్ర మున్నను అందొక గ్రుక్కెడును ద్రాగుటకుఁ బనికి రాదు. ఓడలో సముద్రజలము నావిరి చేసి చల్లార్చియో, మిక్కిలి సన్నని పొరలగుండ బలముగా నెట్టి యుప్పును వేఱుచేసియో మంచినీటిని దయారు చేయుదురు. రేవులోను గొంత నింపుకొందురు. కుళాయి త్రిప్పినచో వచ్చు ప్రతి బిందెడు నీటి వెనుక నింధనమును శ్రమయుఁ గలవు. విహారమునకు వచ్చితిమి గదా యని గంటలకొలఁది నీరు విడుచువారిఁ జూచినపుడు, తెల్లవాఱుజామున బిందెలు వరుసఁ బెట్టుకొని కుళాయికడ నిలిచిన మాకుఁ బ్రాణము చివుక్కుమన్నది. కొంగు బంగారమైనను గోఁతిచేఁ జింపింపరాదు గదా.

గది తుడుచువారు, వడ్డించువారు, క్రింద యంత్రములకడ నుండువారు నెలలకొలఁది బిడ్డల మొగములు చూడక పనిచేయువారే. 2006నాఁటి నావికకార్మికుల యొడంబడిక ప్రకార మిరువదినాలుగు గంటలలో వారికిఁ బది గంటలకుఁ దక్కువ కాకుండ విశ్రాంతి యీయవలయును; మన దేశము 2015లో దాని నంగీకరించినది. అనఁగా దినమునకుఁ బదునాలుగు గంటల పనియు నియమవిరుద్ధము కాకపోవచ్చును. ఇంట మనము చేయు చాకిరికి మాఱుగా నచట మఱియొకరు చేయుచున్నారు. పిల్లలచేత వారికి నమస్కారము చెప్పించుట మనకుఁ గర్చు గాదు.

రాత్రి

తొలినాఁటి రాత్రి సెల్‌ఫోను మూగవోవును. తీరము దాఁటిన పిదప సంకేతము లుండవు; ఉపగ్రహముద్వారా మాటాడుటకు వెల హెచ్చు. కావున నింట నున్న పెద్దలకు ఓడ కదలకమునుపే ‘‘రెండు దినములు మాట వినఁబడకున్నను గలఁగవలదు’’ అని చెప్పవలయును.

నిదురింపఁబోవుటకు మునుపు మఱియొక్క పని గలదు. పిల్లలఁ జేతఁబట్టుకొని, గది నుండి నియతస్థానమునకు మెట్లవెంట నొక్కమాఱు నడచి రావలయును. గది తలుపు నుండి మెట్లదాఁక నెన్ని తలుపులున్నవో పిల్లలచే లెక్కింపించినచో నది వారికి నాట, మనకు ధైర్యము. పొగలోను జీఁకటిలోను నా లెక్కయే కన్ను. పిమ్మట నొక్కొక బిడ్డ కొక్కొకరిని నప్పగింపుఁడు: తండ్రి జాకెట్టు నొకరు, అవ్వది యొకరు, తప్పక అమ్మది యొకరు చూచుకొనవలయు నని. ఓడ దిగిన తరువాత నింటను నీ లెక్క నిట్లే సాగింపవచ్చును. అమ్మ తినెనా, అమ్మ మందు వేసికొనెనా యని యడుగు పని యొక బిడ్డది కావలయును.

అంతటితోఁ దొలినాఁటి విధి ముగిసినది. పెట్టెలు రేపు సర్దుకొనవచ్చును. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, నాలుగు గంటలకు లేవవలసిన పని లేదు. సోదరీమణులారా, నిశ్చింతగా నిద్రింపుఁడు.